యాంటీబయాటిక్ కోర్సుతో హెచ్‌ఐవీ పోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి ఆరేళ్ల క్రితం హెచ్‌ఐవీ ఉందని తేలింది. అప్పటినుంచీ ప్రభుత్వాసుపత్రి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల) సెంటర్‌లో ఇచ్చే మాత్ర రోజూ రాత్రి వేసుకుంటున్నారు. కిందటిసారి వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించలేదన్నారు. నాకు నెగెటివ్. ఈమధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన యాంటీబయాటిక్, రోగనిరోధక కణాల్లో దాక్కున్న హెచ్‌ఐవీని బయటికి లాగి చంపేస్తుందట. దాన్ని మా ఊరి ఆర్‌ఎంపీకి చూపిస్తే, మినోసైక్లిన్ మూడు నెలల కోర్సు వాడితే ఇక ఏఆర్‌టీ మాత్రతో పని లేదన్నాడు. మావారు నాలుగు రోజులుగా మాత్ర మానేసి ఆ క్యాప్సూళ్లే వేసుకుంటున్నారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. వచ్చేపోయేవాళ్ల కంట ఆ మాత్రల సీసా పడుతుందేమోనని ఆయనకి ఒకటే టెన్షన్. ఎంత చెప్పినా వినడం లేదు. ఆ మెసేజ్‌లో ఉన్నది నిజమేనా?
– పేరు, ఊరు రాయవద్దని కోరిన పాఠకురాలు

జవాబు:

అమ్మా,

మెసేజ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ రాత్రికే మీవారి చేత ఏఆర్‌టీ మాత్ర వేయించండి. మానేసిన రోజులవి కూడా కలిపి రెండేసి వేసుకోవద్దు. ఎప్పటిలాగే ఒక్కటి చాలు. రేపో ఎల్లుండో ఇద్దరూ కలిసి సెంటర్‌కి వెళ్లండి. ఇన్ని రోజులు మానేశామని, ఫలానా క్యాప్సూళ్లు వాడామని ఉన్నదున్నట్టు చెప్పండి. కోప్పడతారేమోనని దాచొద్దు. మధ్యలో మానేసి మళ్లీ వచ్చేవాళ్లు అక్కడి కౌన్సిలర్లకి కొత్త కాదు. నాలుగు రోజులే కాబట్టి ఇంకా మించిపోయింది లేదు. ఇదే నాలుగు వారాలైతే వేరే సంగతి. ఎందుకో కింద చెప్తాను. మీవారికి కూడా చదివి వినిపించండి.

ఆ మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు. అందుకే నాకు ఎక్కువ భయం. పచ్చి అబద్ధమైతే సెంటర్‌లో ఎవరో ఒకరు కొట్టిపారేసేవారు, మీరూ మర్చిపోయేవారు. ఇందులో రెండు వేర్వేరు పరిశోధనలు కలగాపులగం అయ్యాయి. రెండూ నిజంగా జరిగినవే. రెండూ యాంటీబయాటిక్ జాతి అణువుల మీదే. కానీ ఒకటి చేసే పనికీ రెండోది చేసే పనికీ పొంతన లేదు. ఆర్‌ఎంపీ మొదటిదాని గురించి చదివి రెండోదాని క్యాప్సూళ్లు ఇచ్చినట్టున్నాడు.

ఇది అర్థం కావాలంటే ముందు హెచ్‌ఐవీ ఎక్కడ ఉంటుందో తెలియాలి. మన రక్తంలో సీడీ4 అనే తెల్లకణాలుంటాయి, ఇవి టీ కణాల్లో ఒక రకం. రోగనిరోధక వ్యవస్థని నడిపించేవి అవే. హెచ్‌ఐవీ సరిగ్గా వాటిలోకే దూరి, తన జన్యువుని ఆ కణం డీఎన్‌ఏలో అతికించేస్తుంది. రోజూ వేసుకునే మాత్ర కొత్త కణాల్లోకి వైరస్ చేరకుండా ఆపుతుంది. అందుకే రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గిపోతుంది. కానీ అప్పటికే అతుక్కుపోయిన జన్యువుని ఊడదీసే శక్తి దానికి లేదు. అలాంటి కణాల్లో కొన్ని ఏ పనీ చేయకుండా ఏళ్ల తరబడి ఊరికే ఉండిపోతాయి. మందులు సక్రమంగా వాడేవారిలో వాటి సంఖ్య సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుందని అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఆ లెక్కన అన్నీ పోవాలంటే 70 ఏళ్లు దాటుతుంది. మాత్ర ఆపితే ఆ కణాల్లో ఏదో ఒకటి మేల్కొని వైరస్‌ని తయారు చేయడం మొదలుపెడుతుంది. చాలామందిలో రెండు మూడు వారాల్లోనే రక్తంలో వైరస్ మళ్లీ కనిపిస్తుంది. నాలుగు రోజులకీ నాలుగు వారాలకీ తేడా ఉందన్నది ఇందుకే.

మరి సోకిన కణాలని మన ఒంట్లోని కిల్లర్ టీ కణాలు ఎందుకు చంపలేవు? నిజానికి వాటి ఉద్యోగమే అది. ప్రతి కణమూ లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కలని ఎంహెచ్‌సీ-1 అనే అణువు మీద పెట్టి పైకి చూపిస్తూ ఉంటుంది. బియ్యం కొట్టు ముందు రకానికో గుప్పెడు పళ్లేల్లో పోసి పెడతారు చూడండి, అలా. కిల్లర్ కణం తిరుగుతూ ఆ గుప్పెళ్లనే పరీక్షిస్తుంది. వైరస్ ముక్క కనపడిందా, ఆ కణాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. హెచ్‌ఐవీ దగ్గర నెఫ్ అనే ప్రొటీన్ ఉంది. అది ఎంహెచ్‌సీ-1ని పైకి రానివ్వకుండా దారి మళ్లించి, కణంలోనే చెత్త జీర్ణమయ్యే లైసోజోమ్‌కి పంపేస్తుంది. ఇక కిల్లర్ కణానికి పైన చూడ్డానికి ఏమీ ఉండదు. నెఫ్ ఇలా సోకిన కణాలని కాపాడుతుందని 1998లో క్యాథ్లీన్ కాలిన్స్, డేవిడ్ బాల్టిమోర్ బృందం చూపించింది.

నెఫ్ ఎంత ముఖ్యమో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జరిగిన ఒక సంగతి చెబుతుంది. ఎనభైల మొదట్లో, రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష ఇంకా రాని రోజుల్లో, ఒక దాత ఇచ్చిన రక్తం వల్ల కొందరికి హెచ్‌ఐవీ సోకింది. మందులేమీ లేకపోయినా ఏళ్లు గడిచినా వాళ్లు ఎయిడ్స్ దశకి చేరలేదు. ఎందుకా అని వెతికితే, వాళ్లకి సోకిన వైరస్‌లో నెఫ్ జన్యువులో కొంత భాగం లేదని తేలింది. 1995లో ఆ వివరాలు ప్రచురించారు. ఇంకా ఎక్కువ కాలం గమనించాక వాళ్లలోనూ కొందరికి సీడీ4 తగ్గింది, కాబట్టి ఆ వైరస్ అమాయకమైనదేమీ కాదు. కానీ నెఫ్‌ని అడ్డుకుంటే హెచ్‌ఐవీ బలం చాలా తగ్గుతుందన్న ఆశ అక్కడే బలపడింది.

ఇప్పుడు మీ మెసేజ్‌లోని మొదటి సగం. కాలిన్స్ ఇప్పుడు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. నెఫ్‌ని అడ్డుకునే అణువు కోసం ఆమె బృందం సూక్ష్మజీవుల నుంచి తీసిన వేల కొద్దీ సారాలని పరీక్షించింది. స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా తయారుచేసే కాంకనమైసిన్-ఏ అనే అణువు దొరికింది. దాన్ని చాలా స్వల్ప మోతాదులో వేస్తే సోకిన టీ కణాల మీద ఎంహెచ్‌సీ-1 మళ్లీ పైకి వచ్చింది. కిల్లర్ కణాలు వాటిని గుర్తుపట్టి చంపాయి. 2020లో ఇది ప్రచురితమైంది. నాకు ఇది చాలా గొప్ప పనిగా అనిపిస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా ఒకే ప్రొటీన్‌ని పట్టుకుని, దాని గుట్టు తెలుసుకుని, విరుగుడు వెతకడం మామూలు ఓపిక కాదు.

కానీ జరిగిందంతా ప్రయోగశాలలో, గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద. కాంకనమైసిన్ మందుల షాపులో దొరికే యాంటీబయాటిక్ కాదు. డాక్టర్లు రాసేదీ కాదు. మోతాదు కాస్త పెరిగితే అది మన కణాలన్నిటిలోనూ ఆమ్లాన్ని పంప్ చేసే ఒక ముఖ్యమైన యంత్రాంగాన్ని ఆపేస్తుంది, అంటే విషమే. అందుకే మేలు చేసే మోతాదుకీ హాని చేసే మోతాదుకీ దూరం పెరగాలని, ఆ అణువు ఆకారంలో మార్పులు చేసి కొత్త రూపాలు తయారుచేస్తున్నారు. యాంటీబయాటిక్ నుంచి తీసిన అణువులు అని వార్తల్లో వచ్చేది వీటి గురించే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇది ఏ మెసేజ్‌లోనూ రాయరు. పూర్తిగా నిద్రలో ఉన్న కణంలో వైరస్ ప్రొటీన్లే తయారుకావు. నెఫ్ ఉండదు, పైకి చూపించడానికి వైరస్ ముక్కా ఉండదు. కాబట్టి నెఫ్‌ని అడ్డుకునే మందు ఒక్కటే ఇచ్చి లాభం లేదు. ముందు ఆ కణాలని వేరే మందుతో నిద్ర లేపాలి. మేల్కొలపడం వరకు వోరినోస్టాట్ అనే క్యాన్సర్ మందు కొంత పనిచేసింది. అయితే లేపినంత మాత్రాన అవి చావడం లేదు. ఏఆర్‌టీకి తోడు టీకా, వోరినోస్టాట్ కలిపి ఇచ్చిన రివర్ అనే బ్రిటన్ అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. ఉత్త ఏఆర్‌టీ తీసుకున్నవారికీ వీరికీ దాగిన వైరస్ పరిమాణంలో తేడా కనిపించలేదు. ఆ అధ్యయనంలో రెండు వైపులవారూ ఏఆర్‌టీ తీసుకున్నవారే అన్నది మీవారికి గట్టిగా చెప్పండి.

ఇక రెండో సగం, ఆర్‌ఎంపీ ఇచ్చిన మినోసైక్లిన్. మొటిమలకీ కొన్ని ఇన్‌ఫెక్షన్లకీ వాడే పాత మందు, టెట్రాసైక్లిన్ కుటుంబానిది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాలో ప్రొటీన్ తయారీనో గోడ కట్టడాన్నో ఆపుతుంది. వైరస్‌కి ఆ రెండూ సొంతంగా లేవు. కాబట్టి మినోసైక్లిన్ నేరుగా హెచ్‌ఐవీని చంపే ప్రశ్నే లేదు. కానీ దానికి వాపుని తగ్గించే గుణం ఉంది. 2005లో కోతులకి సోకే ఎస్‌ఐవీ మీద ప్రయోగం చేస్తే మెదడు వాపు తగ్గింది. 2010లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఈ మందు టీ కణాల ఉత్తేజాన్ని తగ్గిస్తుందని, అందువల్ల నిద్రలో ఉన్న వైరస్ మేల్కొనడం తగ్గుతుందని ప్రయోగశాలలో చూపించారు. గమనించారా అమ్మా? మొదటి పరిశోధన సోకిన కణాన్ని బయటపెట్టి చంపించడానికి. రెండోది వైరస్‌ని ఇంకా లోపలే పడుకోబెట్టడానికి. బయటికి లాగుతుందని చెప్పి, లోపలే ఉంచే మందు చేతికిచ్చారు.

పైగా మనుషుల మీద చూసినప్పుడు ఆశించింది జరగలేదు. హెచ్‌ఐవీ వల్ల జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించినవారికి అమెరికాలో 24 వారాల పాటు మినోసైక్లిన్ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే మెరుగుదల కనపడలేదు. 2011లో ఆ ఫలితం వచ్చింది. కణాల్లో పనిచేసింది, కోతుల్లో పనిచేసింది, మనుషుల్లో చేయలేదు. వాళ్లెవరూ దాన్ని ఏఆర్‌టీకి బదులుగా ఇచ్చి చూడలేదు కూడా. మూడు నెలలు ఊరికే వాడితే తల తిరగడం, చర్మం నల్లబడటం లాంటివి రావచ్చు. ఏ ఇన్‌ఫెక్షన్ కోసమో డాక్టర్ రాసింది కాదు కాబట్టి ఆ క్యాప్సూళ్లు ఈరోజే ఆపేయవచ్చు.

ఈ మందుల కుటుంబం గురించి ఒక మాట చెప్పాలనిపిస్తోంది. టెట్రాసైక్లిన్లలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలోంచి తెచ్చిన మట్టిలో బంగారు రంగులో పెరిగిన స్ట్రెప్టోమైసిస్ నుంచి బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుక్కున్నారు. అది లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ ప్రయోగశాలలో జరిగింది. అప్పుడు అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందుని లోకానికి ప్రకటించారు, అదే ఏడాది ఆయన కన్నుమూశారు. తర్వాత మినోసైక్లిన్ తయారైందీ లెడర్లీలోనే. ఇంత కష్టపడి తెచ్చిన మందుని పనికిరాని చోట వాడి పాడుచేసుకుంటున్నామని నాకు నిజంగా బాధ. ప్రతి అనవసరపు కోర్సూ ఒంట్లోని బ్యాక్టీరియాని మొండిగా మారుస్తుంది. రేపు మీవారికి నిజంగా న్యుమోనియా వస్తే అప్పుడు పనిచేయాల్సినవి ఈ మందులే.

కోవిడ్ రోజులు గుర్తుండే ఉంటాయి. ఇంటింటా ఆజిత్రోమైసిన్ స్ట్రిప్పులే. ప్రయోగశాలలో అది వైరస్ మీద ఏదో చేస్తోందన్న మాట అప్పుడూ వినిపించింది. బ్రిటన్‌లోని రికవరీ అధ్యయనంలో 7,700 మందికి పైగా ఆసుపత్రి రోగుల మీద చూసి 2021లో తేల్చారు: 28 రోజుల్లో చనిపోయినవారు మందు తీసుకున్నవాళ్లలోనూ 22 శాతమే, తీసుకోనివాళ్లలోనూ 22 శాతమే. గాజు పాత్రలో పనిచేసిందన్న ఒక్క కబురుతో మందు మింగేస్తే ఇలాగే ఉంటుంది.

ఏఆర్‌టీ మధ్యలో ఆపితే ఏమవుతుందో కూడా చూశారు. స్మార్ట్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో 5,472 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఆపకుండా వాడింది. రెండో జట్టు సీడీ4 బాగున్నంతకాలం ఆపి, తగ్గితే మళ్లీ మొదలుపెట్టింది. ఆపినవారిలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు, మరణాలు కలిపి రెండింతలకు మించి కనిపించడంతో 2006 జనవరిలో ఆ పద్ధతినే నిలిపేశారు. అది డాక్టర్ల పర్యవేక్షణలో ఆపితే వచ్చిన ఫలితం. మీవారికి హెపటైటిస్-బి కూడా ఉంటే ఇంకా ప్రమాదం. ఏఆర్‌టీ మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌ని కూడా అణచి ఉంచుతాయి. ఉన్నట్టుండి ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు. ఆ పరీక్ష చేశారో లేదో సెంటర్‌లో అడగండి.

ఇంకో అపోహ పడకండి. యాంటీబయాటిక్ అనగానే మాన్పించమని కాదు నేననేది. సీడీ4 తక్కువగా ఉన్నవారికి సెంటర్‌లోనే కోట్రైమాక్సజోల్ మాత్ర ఇస్తారు. అది వైరస్‌కి కాదు, న్యుమోనియా లాంటివి రాకుండా. వాళ్లు ఇస్తే మానకూడదు. టీబీ వచ్చి రిఫాంపిసిన్ అనే మందు మొదలుపెడితే అది ఏఆర్‌టీ మాత్రలోని డోలుటెగ్రావిర్ అనే మందు బలాన్ని తగ్గిస్తుంది, అప్పుడు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు వేసుకోవాలి. అందుకే ఎక్కడ ఏ మందు రాసినా సెంటర్‌లో చూపించాలి. మీవారిది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర అయి ఉంటుంది. కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్‌కి తాగే తెల్ల మందు దానితోపాటు వేసుకోవద్దు. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత వేసుకోవచ్చు.

నాకు అర్థమైనంతలో మీవారు మాత్ర మానింది ఆ మెసేజ్‌ని నమ్మి మాత్రమే కాదు. ఆరేళ్లు రోజూ దాచుకుని వేసుకోవడం మనిషిని అలసిపోయేలా చేస్తుంది. దానికితోడు పెళ్లి చూపులు. అందుకని వాదించకండి. మాత్ర వేళ మార్చుకోవచ్చు. రాత్రి చుట్టాల మధ్య ఇబ్బందైతే తెల్లవారి లేవగానే వేసుకోవచ్చు, ఏ వేళ నుంచి ఏ వేళకి ఎలా మారాలో కౌన్సిలర్ చెప్తారు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి రెండు మూడు నెలల మందులిచ్చే పద్ధతి ఉంది, అడగండి. మాత్రలని వేరే డబ్బాలో పోసి ఉంచొద్దు, తేమ తగలకుండా సీసాలోనే ఉండాలి. సీసాని ఆయన బీరువాలోనో బ్యాగులోనో పెట్టి తాళం వేసుకోవడంలో తప్పేమీ లేదు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆయన అనుమతి లేకుండా ఆసుపత్రివాళ్లు ఆ సంగతి బయటపెట్టకూడదు. మీకు నెగెటివ్ కాబట్టి అమ్మాయికి పుట్టుకతో వచ్చే ప్రసక్తే లేదు. తండ్రితో కలిసి తినడం, ఒకే ఇంట్లో ఉండటం వల్ల రాదు. ఆ భయం ఆయన మనసులో ఉంటే ఈ రాత్రే తీసేయండి.

ఇక మీ సంగతి. ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్కే రాశారు. రక్తంలో వైరస్ కనపడనంత తగ్గినవారి నుంచి భాగస్వామికి సోకదు. 2016లో వచ్చిన పార్ట్‌నర్ అధ్యయనంలో 888 జంటలని గమనిస్తే, అలా అదుపులో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ రాలేదు. కానీ ఆ భరోసా మాత్ర సక్రమంగా వేసుకుంటున్నప్పటిది. ఇప్పుడు మధ్యలో తెగింది కాబట్టి, మళ్లీ వైరల్ లోడ్ చేసి కనిపించలేదని చెప్పేదాకా కండోమ్ తప్పనిసరి. ఈ నాలుగు రోజుల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే సంకోచించకుండా సెంటర్‌లో చెప్పండి. 72 గంటల లోపైతే మీకు నివారణ మందు అవసరమో కాదో వాళ్లు చూస్తారు. మీరూ ఇప్పుడొకసారి, మూడు నెలలకి మరోసారి పరీక్ష చేయించుకోండి. సెంటర్‌కి వెళ్లేలోగా ఏదైనా అడగాలంటే 1097కి ఫోన్ చేయండి. అది హెచ్‌ఐవీ కోసమే పెట్టిన ఉచిత నంబరు.